సివిల్ ఐడీ నంబరు, హవియతీ యాప్: పండగ రోజుల్లో కొన్ని జాగ్రత్తలు

ఇంటికి డబ్బు పంపడం, టిక్కెట్లు కొనడం, ఆఫర్లు వెతకడం ఈ రోజుల్లోనే ఎక్కువ. మోసగాళ్లకూ ఇదే సీజను. అందుకని ఈసారి మన ఫోను, మన వివరాల భద్రత గురించి కాస్త తెలుసుకుందాం.

ముందుగా మన జేబులోని కార్డు సంగతి. సివిల్ ఐడీ నంబరులో 12 అంకెలుంటాయి కదా! మొదటి అంకె 2 అయితే 2000కు ముందు పుట్టినవారు, 3 అయితే ఆ తరువాత పుట్టినవారు. తరువాతి 6 అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. నంబరు 2850815 అని మొదలైతే ఆ మనిషి 1985 ఆగస్టు 15న పుట్టాడన్నమాట. మరి మనవాళ్లు ఏటీఎం పిన్‌కూ, ఫోను లాక్‌కూ పెట్టుకునేది ఏమిటి? పుట్టిన తేదీయే! ఈ ఒక్కటీ ఇవాళే మార్చుకోండి.

ఇక 2020లో వచ్చిన కువైట్ మొబైల్ ఐడీ, అదే హవియతీ యాప్. ఇది కార్డు బొమ్మ చూపించడానికి మాత్రమే అనుకోకండి. ఎక్కడో ఒకడు ఒక వెబ్‌సైటులో మీ సివిల్ నంబరు కొడతాడు. వెంటనే మీ ఫోనుకు అనుమతి కోరుతూ నోటిఫికేషన్ వస్తుంది. అదే సమయానికి వాడే ఫోను చేసి, "పోలీసు శాఖ నుంచి మాట్లాడుతున్నాం, మీ డేటా అప్‌డేట్ చేయాలి, ఓకే నొక్కండి" అంటాడు. నొక్కారా, మీ పేరుతో వాడు లోపలికి వెళ్లినట్టే. ఆ యాప్‌తో పత్రాల మీద డిజిటల్ సంతకం కూడా చేయవచ్చు. మీ పేరు మీద వాయిదాల అప్పు పుట్టి కేసు దాకా వెళితే ప్రయాణ నిషేధం పడవచ్చు. ఊళ్లో నాన్నకు బాగోలేదని బయలుదేరినవారికి ఎయిర్‌పోర్టులో ఆ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మీరు మొదలుపెట్టని పనికి నోటిఫికేషన్ వస్తే తిరస్కరించండి, అంతే.

2021లో మిష్రిఫ్ ఎగ్జిబిషన్ గ్రౌండులో కరోనా టీకాలు వేసినప్పుడు సివిల్ నంబరుతోనే పేరు నమోదు చేసుకున్నాం. ఫోను వాడకం తెలియని అక్కలకు, డ్రైవరు అన్నలకు తెలిసినవాళ్లు ఆ పని చేసిపెట్టారు. మంచి పనే. కానీ యాప్ పెట్టించుకుని, పిన్ కూడా వాళ్లనే పెట్టమనడం వేరు. పిన్ మాత్రం మీ చేత్తో మీరే కొట్టండి. కొట్టేటప్పుడు "అన్నా, కాస్త అటు తిరుగు" అంటే తప్పేమీ లేదు. జెరాక్సు షాపువాడికి వాట్సాప్‌లో పంపిన కార్డు ఫోటో కూడా పని అయ్యాక తీసేయించండి.

పార్సిల్ ఆగింది, ట్రాఫిక్ ఫైను ఉంది అంటూ వచ్చే లింకులు నొక్కవద్దు. ఫైను ఉందో లేదో 2021లో వచ్చిన సహెల్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. నకిలీ కేనెట్ పేజీ అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. అందులో కార్డు నంబరు, పిన్, ఓటీపీ మూడూ కొట్టాక డబ్బు రాబట్టడం చాలా కష్టం.

పొరపాటున జరిగిపోతే సిగ్గుపడి దాచుకోకండి. ముందు బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించండి, తరువాత మెసేజీలు చెరపకుండా పోలీసు స్టేషనుకు వెళ్లండి. కువైట్‌లో 2015 నాటి 63వ నంబరు సైబర్ నేరాల చట్టం ఉంది.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు 1930 నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించమనండి. ఇండియాలో సైబర్ మోసాల ఫిర్యాదుకు అదే. వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్టు" అని ఎవరైనా బెదిరిస్తే ఫోను పెట్టేయమనండి, అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు.