ఆనర్స్ విత్ రీసెర్చ్: మొదటి సెమిస్టర్ నుంచే లెక్క

మామూలు డిగ్రీ చదువులో ఇప్పుడు అన్నిటికన్నా పై మెట్టు నాలుగేళ్ల ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు రావాలి. నాలుగో ఏడాది పరిశోధన వైపు వెళ్లాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో కలిపి 75 శాతం, ఆపైన మార్కులుండాలి. అలా చేరినవారు 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలి. అంత శాతం రానివారు ప్రాజెక్టుకు బదులు అదనపు పేపర్లు చదివి ఆనర్స్ పట్టా పొందవచ్చు.

కృష్ణా జిల్లా బంటుమిల్లి విద్యార్థులకు మచిలీపట్నం, గుడివాడ కాలేజీలు అందుబాటులో ఉన్నాయి. ఈ ప్రాంతానికి 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. నాలుగో ఏడాది కోర్సు నడుస్తోందా, తమ సబ్జెక్టులో గైడ్ ఉన్నారా అన్నది అడ్మిషన్‌కు ముందే కాలేజీలో అడిగి తెలుసుకోవాలి.

యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ గ్రేడుకు 10, ‘ఏ ప్లస్’కు 9, ‘ఏ’కు 8, ‘బీ ప్లస్’కు 7 పాయింట్లు. ప్రతి పేపరు పాయింట్లను దాని క్రెడిట్లతో హెచ్చవేసి, మొత్తాన్ని క్రెడిట్ల మొత్తంతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు గ్రేడ్ పాయింట్లు, వస్తుంది. 20 క్రెడిట్ల సెమిస్టర్‌లో నాలుగు క్రెడిట్ల పేపరు ఒక గ్రేడు పెరిగితే 0.2 కలుస్తుంది, రెండు క్రెడిట్ల పేపరైతే 0.1 మాత్రమే. కాబట్టి ఎక్కువ క్రెడిట్లున్న మేజర్ పేపర్లకే ముందు సమయం కేటాయించాలి.

మొదటి ఏడాది నిర్లక్ష్యం చేస్తే తర్వాత పూడ్చుకోవడం కష్టం. సెమిస్టర్లన్నిటికీ సమాన క్రెడిట్లున్నాయనుకుంటే, తొలి రెండింటిలో సగటు 6.5 వచ్చినవారు ఆరింటి సగటు 7.5కు చేరాలంటే మిగిలిన నాలుగింటిలోనూ సగటున 8 తెచ్చుకోవాలి. పాయింట్లను శాతంగా మార్చే సూత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. తమ విశ్వవిద్యాలయం సూత్రంతోనే లెక్క వేసుకోవాలి. సప్లిమెంటరీ రాసినవారికి డిస్టింక్షన్ ఇవ్వని నిబంధనలూ ఉన్నాయి. ఇంటర్నల్ పరీక్షలు, రికార్డులు, హాజరు ఏవీ వదులుకోకూడదు.

ప్రాజెక్టు అంశం దగ్గర్లోనే దొరుకుతుంది. జువాలజీ వారికి చేపల, రొయ్యల చెరువులు, కెమిస్ట్రీ వారికి తీర గ్రామాల నీటిలో ఉప్పుశాతం, కామర్స్ వారికి పెడన కలంకారీ వ్యాపారం ఉన్నాయి. ఐదో సెమిస్టర్‌లోనే అధ్యాపకులతో మాట్లాడి అంశం ఖరారు చేసుకుంటే సమాచార సేకరణకు వ్యవధి దొరుకుతుంది.

నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వచ్చినవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. 2024 నుంచి వారు యూజీసీ నెట్ పరీక్ష కూడా రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ, నాన్‌ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు పీహెచ్‌డీ ప్రవేశార్హతలో 5 శాతం వరకు సడలింపు ఇవ్వవచ్చు.