స్వభావమని తీర్పు చెప్పుకొనుటకు ముందు

చిరంజీవియగు మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. హైదరాబాదు కళాశాలలో చేరినది మొదలు తరగతిలో నోరు విప్పలేకపోవుచున్నాననియు, తెలుగు మాధ్యమములో చదివి వచ్చిన నీ ఇంగ్లీషు విని తోడివారు నవ్వుకొందురేమో యను శంకతో తెలిసిన ప్రశ్నకైనను చేయి యెత్తుట మానితిననియు, పుట్టుకతోనే పిరికివాడననియు వ్రాసితివి. తక్కినదంతయు నమ్మితిని గాని ఆ చివరి మాట నమ్మజాలను. మన ఊరి ఉన్నత పాఠశాలలో మాస్టారు నల్లబల్లమీద వేసిన లెక్కలో పొరపాటు కనిపెట్టి, లేచి నిలిచి, వినయముతోనే గాని జంకులేక దానిని చెప్పినవాడవు నీవు. ఆ బాలునకును, ఈనాడు వెనుక బల్లపై తలవంచుకొని కూర్చున్న యువకునకును మేధ యొక్కటే. మారినవి చుట్టునున్న చూపులు.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమున బోధించిన చార్లెస్ హార్టన్ కూలీ యను సమాజశాస్త్రవేత్త, 1902లో ప్రకటించిన గ్రంథమున, మనుష్యుడు ఎదుటివారియందు అద్దమందువలె తన్ను తాను చూచుకొనునని చెప్పెను. అందరును ఇంతవరకే జ్ఞాపకముంచుకొందురు. ముఖ్యమైనది దాని తరువాతిది. ఎదుటివారికి మనమెట్లు కనబడుచున్నామో మొదట ఊహింతుము. వారేమి తీర్పు చెప్పుచున్నారో పిమ్మట ఊహింతుము. ఆ ఊహనుబట్టియే గర్వమునో సిగ్గునో పొందుదుము. మొదటి రెండును మన తలపులే, నాయనా! నీ ఉత్తరమున నవ్వుకొందురేమో యని యున్నదే గాని నవ్విరని ఎచ్చటను లేదు.

అయినను, ఇదంతయు నీ భ్రమ, ధైర్యము తెచ్చుకొమ్మని చెప్పి ఊరకుండుట అన్యాయము. ఊహలు శూన్యమున పుట్టవు. సమాజము తరతరములుగా విత్తినవే మనలో మొలకెత్తును. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే యను పరిశోధకురాండ్రు ఉత్తరప్రదేశ్ పల్లెలలో 321 మంది అగ్రకులముల బాలురకును, అంతే సంఖ్యగల దళిత బాలురకును, పిల్లల పత్రికలలో దారి కనిపెట్టుమని వేయు చిత్రములవంటివి ఇచ్చి, పరిష్కరించినకొలది పైకము నిచ్చిరి. కులము బయటపెట్టని చోట ఇరువర్గముల ఫలితమును ఇంచుమించు సమానముగా నుండెను. అందరి యెదుట కులము చదివి వినిపించిన చోట దళిత బాలుర ఫలితము స్పష్టముగా తగ్గెను. 2006లో ప్రకటితమైన ఈ సంగతి చదివిననాడు నా మనస్సు మిక్కిలి కలతపడినది. ఒక్క మాట పైకి చదువుటచేత చురుకైన పిల్లవాడు మందకొడిగా కనబడునెడల, మనము స్వభావమని పేరుపెట్టి త్రోసివేసిన బిడ్డ లెందరో!

కనుకనే జాషువా మహాకవి నాకు పూజ్యుడు. 1895లో వినుకొండలో జన్మించిన ఆయనను కులము పేర అవమానించినవారు కొల్లలు. ఆయన ఆ తీర్పును తన స్వరూపముగా స్వీకరింపక, 1941లో గబ్బిలమను కావ్యము వెలువరించి, తీర్పరులనే ప్రశ్నించెను. అది ఆయన ఆలోచనయందలి బలము. అయితే ఆయన పాదమునకు గండపెండేరము తొడిగి గౌరవించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి వంటి పెద్దలును ఆనాడుండిరి. ఎంతటివానికైనను తన్ను సరిగా చూచు కన్ను ఒకటి అవసరమే. ఒంటరిగా గుండె దిటవు చేసికొమ్మని నీకు చెప్పజాలకున్నది అందుచేతనే.

నీ చదువును నీ ఉచ్చారణతో కొలవని స్నేహితుల నిద్దరినైనను వెదకికొనుము. పిరికివాడనను మాట మనస్సున మెదలినప్పుడు, అది ఏ గదిలో, ఎవరి యెదుట, ఏ మాట విన్న పిమ్మట పుట్టినదో కాగితముపై వ్రాసికొనుము. కొన్నాళ్లకు ఆ మాటకు నీతోకంటె ఆ గదితోనే ఎక్కువ చుట్టరికమున్నదని నీకే తెలియును. ఇంగ్లీషు అభ్యాసముతో వచ్చును, దానికై దిగులు వలదు.

ఇంకొక్కటి. నీ తరగతిలో నీవలెనే పల్లెనుండి వచ్చి, నీవు నవ్వుదువేమోయని జంకుచున్నవారు తప్పక ఉందురు. వారిలో ఒకరు తడబడుచు మాటలాడినప్పుడు, తల త్రిప్పుకొనక, చివరివరకు శ్రద్ధగా వినుము.