కొత్త గ్యాసు మీటరు

మరిది చేతిలో చిన్న డబ్బా ఉంది.

"ఏంటది?" అంది వదిన.

"గ్యాసు మీటరు వదినా. డ్రైనేజీ పనికి కొత్తగా ఇచ్చారు."

వదిన కళ్ళు చెమర్చాయి. ఆమె భర్తదీ అదే పని. మూడేళ్ళ కిందట మ్యాన్‌హోల్ మూత తీసి దిగాడు. మళ్ళీ పైకి రాలేదు.

మురుగులో పుట్టే ఒక గ్యాసు కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. దాని పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఈ సంగతి మరిచిపోకూడదు. ఆ గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది. వాసన తెలియదు. గ్యాసు పోయిందనుకుని మనిషి దిగుతాడు. అందుకే ముక్కును నమ్మరాదు.

"ఏదీ, మీట నొక్కు" అంది వదిన.

"ఇక్కడొద్దు. పొయ్యి పొగ ఉంది."

"ఉంటే ఏం?"

"తక్కెడ పళ్ళెం కింద రాయి అంటుకుంటే తూకం తప్పుతుంది కదా! ఇదీ అంతే. మొదట మంచి గాలిలో దీన్ని సున్నాకి తేవాలి. పొగలో సున్నా చేస్తే పొగనే మంచి గాలి అనుకుంటుంది. తరవాత గ్యాసు ఉన్నా తక్కువ చూపిస్తుంది."

రాత్రంతా మీటరుకి చార్జింగు పెట్టాడు. పొద్దున్నే ఇద్దరూ ఖాళీ మైదానానికి వెళ్ళారు. దగ్గరలో బండ్లు లేవు. మీట నొక్కగానే మీటరు కూత పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. చేతిలో వణికింది. కాసేపటికి అంకెలు వచ్చాయి. వదిన కూడబలుక్కుని చదివింది. ఆక్సిజన్ 20.9. మిగిలిన మూడు గ్యాసులూ 0.

"ఇక బాగున్నట్టేనా?"

"ఇంకా లేదు. పాడైన మీటరు కూడా 0 చూపిస్తుంది!"

అందుకే పరీక్ష గ్యాసు పెట్టి చూడాలి. అది చిన్న సిలిండరులో వస్తుంది. ఏ గ్యాసు ఎంత ఉందో, ఏ తేదీ దాకా పనికొస్తుందో దాని మీద రాసి ఉంటుంది. పని చోట మరిది సిలిండరు గొట్టం మీటరుకి తగిలించాడు. మీటరు గట్టిగా మోగింది. సిగరెట్ లైటరు గ్యాసుతో పరీక్ష చేసేవాళ్ళూ ఉన్నారు. అలా చేస్తే మీటరు పాడవుతుంది.

ఆక్సిజన్ 19.5 కంటే తగ్గితే మీటరు మోగుతుంది. కోడిగుడ్డు వాసన గ్యాసు 10 దాటినా మోగుతుంది. ఇక్కడ 10 అంటే పది లక్షల్లో పది వంతులు. లక్ష బియ్యపు గింజల్లో ఒక్క రాయి అన్నమాట. అంత కొంచెమే!

మ్యాన్‌హోల్ మూత తీశారు. ఎవరూ తల వంచి చూడలేదు. గొట్టం దించి పైన, నడుమ, అడుగున గాలి చూశారు. పైన మోగలేదు. అడుగున మోగింది.

"ఐదు నిమిషాల పనే కదా, దిగు" అన్నాడు మేస్త్రీ.

రక్షణ సామాను లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ వదినకి తెలుసు. మరిదికి ఆమే చెప్పింది.

"మిషను పిలిపించండి" అన్నాడు మరిది.

సాయంత్రం అతను గడపలో చెప్పులు విడుస్తున్నాడు.

"మోగిందా?" అంది వదిన.

"మోగింది."

"దిగావా?"

"లేదు వదినా."