పాఠము: కొల్లేటి లంకలు నేర్పు లెక్క

కాలువ నీటిపై చేసిన ఒకే నిర్ణయము ఎగువ పొలానికి ఒకలా, చివరి పొలానికి మరొకలా తగులునని బాళగనూరులో సేద్యము చేయు మనమెరుగుదుము. వరద వేళ దీవులగు కొల్లేటి లంక గ్రామములలోనూ అంతే.

1999లో ప్రభుత్వము కొల్లేటిని అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటించినది. నీటి పారుదలకు అడ్డమైన చేపల చెరువుల గట్లను 2006లో కొట్టించినది. సరస్సుకు, పక్షులకు ఇది అవసరమే. అయితే చెరువుపై పెట్టుబడి పెట్టినవారికి సొమ్ము పోయినది. అక్కడి కూలీలకు పని పోయినది. వల విసరి బ్రతుకువారికి మాత్రము గట్ల వెనుకనున్న నీరు మరల దొరకినది.

కాబట్టి ఇట్టి చట్టమును తూచునపుడు పక్షులతోపాటు ఇండ్లనూ లెక్కింతము. ఎవరి పని పోయినది? ఎవరికి మేలు కలిగినది? భూమి లేనివారి మాట ముందుగా విన్నారా? ఈ మూడు ప్రశ్నలను మన కాలువకును వేసి, కూడుకొన్నపుడు చర్చింతము.