శీలం, శరీరం, నిర్ణయం: హెచ్‌ఐవీ విషయంలో మత పెద్దల మాట



ఉపాసకులారా, ఉపాసికలారా! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఆదివారం వందన అయిపోయాక అందరూ కలిసి కూర్చుని చదువుకోవడానికి ఈ పాఠం రాశాం. ఇంట్లో మాట్లాడుకోవడానికి నోరు రాని విషయం ఇది. అందుకే విహారంలో మాట్లాడుకోవాలి.

ఒక్కసారి ఊహించండి. మన వాడలో ఒక చెల్లెలు ఉంది. భర్త లారీ డ్రైవర్. హైదరాబాద్–విజయవాడ హైవే మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉంటాడు. ఈ మధ్య మాటిమాటికీ జ్వరపడుతున్నాడు, బరువు తగ్గాడు. ఆమె ఇప్పుడు గర్భవతి. కండోమ్ వాడమంటే "నన్ను అనుమానిస్తున్నావా?" అని కోపం చేస్తాడు. పరీక్ష చేయించుకుందామంటే "పరువు పోతది" అని అత్త అడ్డుపడుతుంది. (డ్రైవర్లంతా ఇంతేనని కాదు. ఇల్లు విడిచి దూరంగా బతకాల్సిన ఏ పనిలోనైనా ఈ ప్రమాదం ఉంటుంది.)

అప్పుడు ఆ చెల్లెలు ఎవరి దగ్గరికి పోతుంది? చాలాసార్లు డాక్టర్ కంటే ముందు తాను నమ్మిన పెద్ద దగ్గరికి పోతుంది. ఆయన పాస్టర్ కావచ్చు, స్వామి కావచ్చు, ఇమాం కావచ్చు, మన దగ్గర వందన చెప్పించే ఉపాసకుడే కావచ్చు. ఆ రోజు ఆయన చెప్పే మాట మీద రెండు ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మతం చేసిన కీడు

మన తెలంగాణలోనే చూడండి. దేవత పేరు చెప్పి దళిత ఆడపిల్లలను జోగినులుగా మార్చారు. పెళ్లి లేదు, హక్కు లేదు, ఊరి పెద్దలకు కాదని చెప్పే వీలు లేదు. తన శరీరం మీద తనకే అధికారం లేని స్త్రీ "కండోమ్ లేకుండా వద్దు" అని ఎట్లా అంటుంది? దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. హేమలతా లవణం వంటివారు నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం పనిచేశారు. చట్టం అంకితాన్ని నేరం చేసింది గానీ, "అది దేవత కోరిక" అనే నమ్మకాన్ని మనుషుల మనసుల్లోంచి తీసేయాల్సింది మనమే.

ఇక ప్రార్థనతో, తాయెత్తుతో, పసరుతో ఎయిడ్స్ నయమవుతుందని చెప్పేవాళ్లు వేరే. వాళ్లను నమ్మి మందులు మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. నయం చేస్తామని ఏ మందు తయారీదారూ చెప్పుకోకూడదంటూ మన దేశపు ఔషధ నిబంధనల జె షెడ్యూల్‌లో ఉన్న జబ్బుల్లో ఎయిడ్స్ కూడా ఉంది.

మతం చేసిన మేలు

మత పెద్దల మాట మేలు కూడా చేయగలదు. థాయిలాండ్‌లో హెచ్‌ఐవీ విజృంభించినప్పుడు అక్కడి ప్రభుత్వం 1991లో కండోమ్ వాడకాన్ని దేశమంతా అమలు చేసింది. జనం సిగ్గు పోగొట్టడానికి మెచాయ్ వీరవైద్య అనే కార్యకర్త భిక్షువుల చేత కండోమ్ పెట్టెల మీద మంత్రజలం చల్లించాడు. 1990ల చివర చియాంగ్ మాయ్‌లో "సంఘ మెత్తా" పేరుతో భిక్షువులకు హెచ్‌ఐవీ శిక్షణ ఇచ్చారు. భిక్షువు స్వయంగా రోగి ఇంటికి పోయి ఆ ఇంట్లో అన్నం తింటే, ఊరంతటి భయం తగ్గుతుంది.

ఉగాండాలో ముస్లిం వైద్యుల సంఘం 1992 నుంచి ఇమాంలకు శిక్షణ ఇచ్చింది. మొదట కండోమ్ మాట ఎత్తడానికి వాళ్లు ఒప్పుకోలేదు. చర్చించాక, ప్రాణాన్ని కాపాడేందుకు భార్యాభర్తల మధ్య దాని గురించి చెప్పవచ్చని అంగీకరించారు. అదే దేశంలో గిడియన్ బ్యాముగిషా అనే క్రైస్తవ గురువు తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పి జనంలో సిగ్గును తగ్గించాడు.

మన ధమ్మం ఏమంటుంది?

ఒకటి. కాలాములకు బుద్ధుడు చెప్పింది గుర్తు చేసుకోండి. గురువు చెప్పాడనో, గ్రంథంలో ఉందనో, పరంపరగా వస్తోందనో ఏదీ నమ్మొద్దు. మేలు చేస్తుందో కీడు చేస్తుందో పరీక్షించి చూడమన్నాడు. ఈ పాఠాన్ని కూడా అట్లాగే పరీక్షించండి.

రెండు. మూడో శీలం కామ దురాచారాన్ని వద్దంటుంది. దీన్ని పట్టుకుని మనవాళ్లే కొందరు "శీలం ఉంటే కండోమ్ ఎందుకు?" అంటారు. ఇక్కడే పొరపాటు. భార్య శీలం భర్త రక్తంలోని వైరస్‌ను ఆపదు. పెళ్లి తప్ప మరేమీ తెలియని ఎందరో స్త్రీలకు భర్త ద్వారానే హెచ్‌ఐవీ సోకింది. శీలం మనం పాటించేది. కండోమ్ ఎదుటివాడు పాటించనప్పుడు కూడా కాపాడేది. రెండూ కావాలి.

మూడు. "పూర్వజన్మ కర్మ" అని రోగిని నిందించొద్దు. పోయిన జన్మ పాపం వల్లే ఈ జన్మ బాధలు అనే సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ తోసిపుచ్చారు. మన తాతల అంటరానితనాన్ని కూడా అదే మాటతో సమర్థించారు కదా!

నాలుగు. మలమూత్రాల్లో పడి ఉన్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు తమ చేతులతో కడిగారు. రోగికి సేవ చేయడం తనకు సేవ చేయడమేనని బుద్ధుడు చెప్పాడు. హెచ్‌ఐవీ ఉన్నవారిని విడిగా కూర్చోబెట్టే ఇల్లు ధమ్మ గృహం కాదు.

ఆ చెల్లెలికి చెప్పాల్సినవి

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రంలో పరీక్ష ఉచితం. కేంద్రం ఎక్కడుందో 1097కు ఫోన్ చేస్తే చెబుతారు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆమె అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు.

చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సమయానికి మందులు వాడితే అది 5 శాతం కంటే తగ్గుతుంది. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గితే, కలయిక ద్వారా భాగస్వామికి సోకదు. బలాత్కారం జరిగితే 72 గంటల లోపల మందు మొదలుపెట్టాలి. ఎంత తొందరగా పోతే అంత మంచిది. ముందుజాగ్రత్తగా వాడే ప్రెప్ మాత్రల గురించి కౌన్సిలర్‌ను అడగవచ్చు. స్త్రీ తనంతట తాను వాడుకోగల డాపివిరిన్ రింగ్‌ను కూడా 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.

మన నేల చెప్పే పాఠం

మిర్యాలగూడకు దగ్గర్లోని నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధ యాగం చేశాడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ మాత్రం బౌద్ధ మహాచైత్యం కట్టించింది. అన్న నమ్మకం అన్నది, తన నిర్ణయం తనది. పదిహేడు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద ఒక స్త్రీ అట్లా నిలబడింది.

కాబట్టి విహార పెద్దలారా, ఏ చెల్లెలైనా మీ దగ్గరికొస్తే తీర్పు చెప్పకండి. ముందు వినండి. ఆమె చెప్పింది మూడో మనిషికి చెప్పకండి. ఆమె కోరితే మీ ఇంటి ఆడవాళ్లలో ఒకరిని తోడుగా ఆసుపత్రికి పంపండి. నిర్ణయం ఆమెది, తోడు మనది.

చర్చించండి:
1. మన విహారంలో ఈ విషయం ఒక స్త్రీ భయం లేకుండా ఎవరితో చెప్పుకోగలదు?
2. కండోమ్ గురించి మాట్లాడితే శీలం చెడుతుందా, ప్రాణం నిలుస్తుందా?
3. పెళ్లికి ముందు వధూవరులిద్దరూ ఇష్టపూర్వకంగా పరీక్ష చేయించుకోమని మనం ప్రోత్సహించగలమా?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!