నికెల్‌ను అప్పుడే వదిలెయ్యకు

తల్లీ,

నికెల్ ఉత్ప్రేరకంగా ఎందుకూ పనికిరాదని అప్పుడే తేల్చేశావా? గ్లిసరాల్ నుంచి హైడ్రోజన్ తీసే నీ ప్రయోగంలో కొద్ది గంటలకే హైడ్రోజన్ తగ్గింది, రియాక్టర్‌లో పీడనం పెరిగింది, విప్పి చూస్తే అంతా మసి. అంతమాత్రానికే ప్లాటినమ్ కొనిపెట్టమని గైడుగారిని అడుగుతానంటున్నావు. ఆగు. నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అనుమానం నికెల్ మీద కాదు, దాన్ని ఎక్కించిన అల్యూమినా మీద.

అల్యూమినాకు ఆమ్లగుణం ఉంది. గ్లిసరాల్ నికెల్ దాకా చేరకముందే అక్కడ నీటిని పోగొట్టుకుని అక్రోలీన్‌గా, ఇథిలీన్‌గా మారుతుంది. చివరికి మసిగా పేరుకునేవి అవే. కార్బన్ బంధాలను తెంచే పని నికెల్ బాగానే చేస్తుంది, మసి కింద కూరుకుపోతే ఏం చేయగలదు? అల్యూమినాకు కొంచెం మెగ్నీషియా గానీ లాంథనమ్ గానీ కలిపి ఆ ఆమ్లగుణం తగ్గించు. సీరియా (సీరియం ఆక్సైడ్) అయితే తన ఆక్సిజన్ ఇచ్చి మసిని కొంత తొలగిస్తుంది కూడా. నికెల్ రేణువులు చిన్నవిగా ఉండేలా చూసుకో, పెద్దవైతే మసి త్వరగా పడుతుంది.

విస్కాన్సిన్‌లో డ్యూమెసిక్ బృందం చేసిన పని చదివావా? 2002లో వాళ్లు ప్లాటినమ్‌తో గ్లిసరాల్ వంటి పదార్థాల నుంచి హైడ్రోజన్ తీశారు. మరుసటి ఏడే తగరం కలిపిన రేనీ నికెల్‌తో అదే పని చేసి చూపించారు. ఒంటరి నికెల్‌తో చిక్కేమిటంటే, పుట్టిన హైడ్రోజన్‌ను మళ్లీ మీథేన్‌గా మార్చేస్తుంది. తగరం ఆ ఒక్క గుణాన్నే అణిచింది. వాళ్లది సుమారు 225 డిగ్రీల దగ్గర, పీడనంలో, ద్రవ నీటిలో జరిగే చర్య. నీది 600 దాటిన ఆవిరిలో. కాబట్టి వాళ్ల వంటకాన్ని దించుకోకు. చౌక లోహాన్ని తోసిపుచ్చకుండా దాని లోపం ఏదో కనిపెట్టి, దాన్నొక్కదాన్నే సరిదిద్దారు చూడు, అది నేర్చుకో.

ఇక నీ రిపోర్టు సంగతి. ఎక్కడ చూసినా హైడ్రోజన్ శాతమే. కార్బన్ లెక్క ఏదమ్మా? 92 గ్రాముల గ్లిసరాల్‌లో 36 గ్రాముల కార్బన్ ఉంటుంది. అందులో కార్బన్ డయాక్సైడ్‌గా ఎంత పోయింది, మోనాక్సైడ్‌గా ఎంత, మీథేన్‌గా ఎంత, చల్లబరిచినప్పుడు దిగిన ద్రవంలో ఎంత, మసిగా ఎంత? గ్లిసరాల్ మాయమైనంత మాత్రాన అదంతా గ్యాస్ అయినట్టు కాదు. ఈ లెక్క కుదరనిదే ఏ ఉత్ప్రేరకం మంచిదో చెప్పడానికి నీకు అర్హత లేదు. నా దగ్గర పనిచేసినవాళ్లందరికీ ఇది చెప్పి చెప్పి విసిగించాను, నీకూ తప్పదు. వాడిన ఉత్ప్రేరకాన్ని పారెయ్యకుండా తూచు, గాలిలో కాల్చి మళ్లీ తూచు. నికెల్ ఆక్సైడ్‌గా మారి పెరిగే బరువును మాత్రం లెక్కలో సరిచేసుకో.

సీసాలోని స్వచ్ఛమైన గ్లిసరాల్‌తోనే ఆగిపోకు. 100 కిలోల నూనె నుంచి బయోడీజిల్ తీస్తే దాదాపు 10 కిలోల గ్లిసరాల్ మిగులుతుంది. దాంతోపాటు మిథనాల్, సబ్బు, క్షారపు లవణాలు వస్తాయి. మిథనాల్ మంచిదే, అదీ హైడ్రోజన్ ఇస్తుంది. సోడియం, పొటాషియం లవణాలే ఉత్ప్రేరకం మీద పేరుకుని పనికి అడ్డుపడతాయి. కాకినాడలో బయోడీజిల్ తయారీ ఉంది కదా, గైడుగారి చేత ఉత్తరం రాయించి ముడి గ్లిసరాల్ కొంచెం తెప్పించుకో. దానితో నిలబడి, మసిని కాల్చేశాక మళ్లీ పనిచేసినప్పుడే నీ ఉత్ప్రేరకాన్ని చౌకైనదంటాను. కాల్చేటప్పుడు గాలిని నైట్రోజన్‌లో పలచగా కలిపి వదులు. ఒక్కసారిగా వేడెక్కితే నికెల్ రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి.

చివరగా ఒక్కటి, ఇందులో వాదన లేదు. రియాక్టర్‌ను చల్లార్చే ముందు నైట్రోజన్‌తో పూర్తిగా కడుగు. 200 డిగ్రీల కిందికి దిగాక నికెల్ మీద కార్బన్ మోనాక్సైడ్ మిగిలి ఉంటే నికెల్ కార్బొనిల్ పుడుతుంది. అది ప్రాణాంతకమైన విషం. మోనాక్సైడ్ అలారం బిగించేదాకా ఆ గదిలో రియాక్టర్ స్విచ్ వేయకు.

మీ పెదనాన్న