పాంపే జబ్బు: దాతల కోసం ఒక పాఠం

తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోయే రోడ్డు మనకు కొత్త కాదు. ఇటు ఉస్మానియా క్యాంపస్, అందులో జెనెటిక్స్ విభాగం. ముందుకు పోతే సీసీఎంబీ. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జబ్బుల మీద ఇంత చదువు ఒకే దారిలో ఉంది. రోజూ ఆ గేట్ల ముందు నుంచే బస్సులో పోతూ కూడా, పసిబిడ్డ మెడ నిలపక, పాలు తాగక వాలిపోతుంటే మనం మొదట చేసేది నజర్ తీయించడం. తరువాత కోడలి వైపు వేలు చూపించడం.

అలాంటి బిడ్డల్లో కొందరికి ఉండేది పాంపే జబ్బు. 1932లో యోహానెస్ పాంపే అనే డచ్చి డాక్టరు, గుండె బాగా పెరిగి చనిపోయిన ఏడు నెలల పాప గురించి రాశాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది. మన కండరాలు చక్కెరను గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. దాన్ని విడగొట్టే ఎంజైములలో ఒకటి ఈ పిల్లల్లో తయారు కాదు. ఊడ్చేవాళ్లు లేని ఇంట్లో చెత్త పేరుకున్నట్టు కండరాల కణాల్లో గ్లైకోజెన్ పేరుకుంటుంది. గుండె కూడా కండరమే కదా, అది మందమై పెద్దదవుతుంది. చేతులు కాళ్లు మెత్తగా వేలాడతాయి, ఊపిరి ఎగశ్వాస అవుతుంది. తరచు నిమోనియా అని వైద్యం చేయించి ఇంటికి తెచ్చుకుంటారు. పుట్టిన కొద్ది నెలల్లోనే బయటపడే రకానికి మందు అందకపోతే చాలామంది మొదటి పుట్టినరోజు చూడరు. సుమారు 40,000 కాన్పులకు ఒకటి అని పుస్తకాల లెక్క.

ఇది ఎలా దిగుతుందన్నది పదో తరగతిలో మేము బఠాణీ మొక్కలతో చెప్పే పాఠమే. తల్లిలో ఒక చెడిన జన్యువు, తండ్రిలో ఒకటి. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు: ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ భయం లేదనుకుంటారు. నాణెం ఎగరేస్తే దానికి వెనకటి సారి ఏం పడిందో గుర్తుండదు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికే. తప్పు తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు.

దగ్గర చుట్టాల్లో పెళ్లి జరిగితే ఒకే తాత నుంచి వచ్చిన చెడు జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇది మన ఒక్కరి సంగతి కాదు, మన హిందూ సోదరుల్లోనూ మేనరికాలున్నాయి. ఖాలా బిడ్డను, ఫుప్ఫూ బిడ్డను చేసుకోవడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది, కాని చేసుకొని తీరాలని లేదు. కుటుంబంలో పసిబిడ్డలు కారణం తెలియకుండా పోయి ఉంటే సంబంధం ఖాయం చేసే ముందే జెనెటిక్స్ డాక్టరును కలవడం మంచిది.

గుండె కండరం జబ్బులు ఎక్కడో విదేశాలవి అనుకోవద్దు. 2009లో సీసీఎంబీకి చెందిన డాక్టర్ తంగరాజ్ బృందం వేరే జన్యువు ఒకదాన్ని పరీక్షించి, అందులో 25 అక్షరాల ముక్క లోపించడం మన ఉపఖండం వాళ్లలో 100కి సుమారు 4గురిలో ఉందని ప్రకటించింది. దాని జబ్బు ఎక్కువగా నడివయసులో బయటపడుతుంది.

పాంపేకు మందు ఉంది. లోపించిన ఎంజైమునే తయారు చేసి రెండు వారాలకొకసారి నరంలోకి ఎక్కిస్తారు. 2006 నుంచి వాడుకలో ఉంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, కాని జీవితాంతం ఎక్కించాలి, బిడ్డ బరువు పెరిగే కొద్దీ మోతాదూ ఖర్చూ పెరుగుతాయి. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల విధానంలో పాంపే ఉంది. 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం చేస్తామన్నారు. మనకు దానికి కేంద్రం నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీయే. పెద్ద మొత్తమే, అయినా జీవితాంతం మందుకు సరిపోయేది కాదు.

మరి సొసైటీ దాతలు ఏం చేయగలరు? మందు ఖర్చు మన చేతిలోది కాదు, ఆ మాట దాచుకోవడం అనవసరం. కాని మందు దాకా చేరడానికి ముందు మెట్లున్నాయి. ఎక్స్‌రే, ఎకో, కాగితం మీద ఆరబెట్టిన నాలుగు చుక్కల రక్తంతో ఎంజైము పరీక్ష, తరువాత జన్యు పరీక్ష. జిల్లా నుంచి వచ్చిన తల్లికి నిమ్స్ దగ్గర పది రోజుల బస, తండ్రి పోగొట్టుకునే కూలి. బిడ్డలు వీటి దగ్గరే ఆగిపోతున్నారు. మా దృష్టిలో మన సదఖా సొమ్ము పడవలసిన చోటు ఇదే.

ముందే తెలియడం ఎంత పని చేస్తుందో ఒక కబురు. కెనడాలోని ఒటావాలో ఒక కుటుంబం ఇద్దరు ఆడపిల్లల్ని ఈ జబ్బుకే పోగొట్టుకుంది. తరువాతి గర్భంలో పరీక్షలో జబ్బు తేలగా, తల్లి కడుపులో ఉండగానే బొడ్డుతాడు నరం ద్వారా ఎంజైము ఎక్కించారు. 2021 జూన్‌లో పాప పుట్టింది. గుండె మామూలుగా ఉందనీ నడక నేర్చిందనీ డాక్టర్లు మరుసటి ఏడాది రాశారు. ఇక్కడ ఆ వైద్యం రేపే వస్తుందని మేము చెప్పడం లేదు. అయితే జన్యువులో లోపం ఏమిటో ముందే తెలిసి ఉంటే, మూడో నెలలోనే గర్భ పరీక్ష ఇక్కడా సాధ్యం. ఫలితాన్ని బట్టి ఏం చేయాలో తల్లిదండ్రులు డాక్టరునూ, తాము నమ్మే ఆలిమ్‌నూ అడిగి తేల్చుకుంటారు. అడగడానికి వ్యవధి ఉండాలంటే ముందే తెలియాలి.

అందుకే, పసిబిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు సమయం చూసి ఒక మాట చెప్పండి: బిడ్డ ఎక్స్‌రే, ఎకో, రిపోర్టులు పారేయవద్దని. చూస్తే దుఃఖం వస్తుందని చాలా ఇళ్లలో తగలబెట్టేస్తారు. వచ్చే కాన్పుకు డాక్టరు మొదట అడిగేది ఆ కాగితాలే.